పావు వంతు

మిర్చి యార్డు గేటు దగ్గర, తెల్లారగట్ల నాలుగింటికి,
ముప్పై టిక్కీలు వీపునేసుకుని
బండి మళ్ళీ మొండికేసింది.
తాళం తిప్పితే సెల్ఫు ఉత్తినే ఈలేసుకుంటూ తిరిగింది.
రెండోసారి కిర్రుమని కొరికింది.
మూడోసారి టక్కుమంది. అంతే.

ఆర్నెల్లలో ఇది మూడో సెల్ఫు.
మొదటిదానికి వైండింగు కాలిందన్నారు,
రెండోదానికి పినియన్ పళ్ళు పోయాయన్నారు.
బ్యాటరీ మార్చాను. ఎర్తు వైరు గీకి గీకి మెరిపించాను.
మా అత్త పోరు పడలేక బంపరుకి
నిమ్మకాయా ఏడు మిరపకాయలూ కట్టాను.
వెనక ముప్పై టిక్కీలకు లేని మహిమ
ఆ ఏడింటికి ఎక్కణ్ణించొచ్చిందని ఏసోబు నవ్వాడు.
నవ్వుతూనే తలగుడ్డ మడిచి భుజానేసుకుని
నలుగురు హమాలీలను కేకేశాడు.

అలా ఈ ఆర్నెల్లూ
గుంటూరంతా పల్లాల లెక్కన తెలిసింది నాకు.
కంకరగుంట వంతెన దిగుడు,
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ ముందు వాలు,
టీ రుచి ఎలా ఉన్నా సరే, రోడ్డు జారుగా ఉన్న కొట్టు.
బల్లపరుపు నేల కనబడితే గుండె గుబేలుమనేది.

ఆటోనగర్లో మీరావలి
నేను తెచ్చిన కొత్త మోటారు డబ్బా విప్పనివ్వలేదు.
"కొరికేదాన్ని మూడుసార్లు మార్చావు.
కొరికించుకునేదాన్ని ఎవడన్నా చూశాడా?"
పాత సెల్ఫు ఊడదీసి, ఆ బొక్కలో టార్చి వేసి
నన్ను వంగమన్నాడు.
కుర్రాడు ముందు నుంచి పానాతో ఇంజిను తిప్పుతుంటే
చీకట్లో ఒక్కొక్క పన్నూ కదిలిపోతోంది,
బాగుంది, బాగుంది, ఇదీ బాగుంది,
ఉన్నట్టుండి ఓ ఏడెనిమిది
ముసలి దవడలా బోసిగా.
మళ్ళీ బాగుంది, బాగుంది.
సరిగ్గా ఎదురుగా ఇంకో బోసి.

"ఇంజిను ఎక్కడబడితే అక్కడ ఆగదబ్బాయ్.
నాలుగు సిలిండర్లది కదా,
ఊపిరి బిగబట్టే చోటుకొచ్చి ఆగుద్ది.
నువ్వు ఏ ఊళ్ళో ఆపినా అది లోపల ఆగేది అక్కడే.
మోటారు రోజూ లేచి ఆ పళ్ళమీదే పడుద్ది.
మిగతా రింగంతా కొత్తపెళ్ళికొడుకులా ఉంది, చూడు."

కొత్త రింగు కొనమంటాడనుకున్నాను.
జేబులో ఉన్నది వేళ్ళతోనే తడిమి లెక్కపెట్టుకున్నాను.
అతను గేరుబాక్సు దించాడు, ఫ్లైవీలు దించాడు,
గ్యాసు మంట చుట్టూ తిప్పాడు.
ఇనుము గడ్డిరంగు దాటి నెమలిమెడలా మారుతుంటే
సుత్తితో అక్కడా ఇక్కడా నాలుగు తట్టు తట్టాడు.
రింగు వదిలింది.
సుద్దముక్కతో గీత గీసి, దాన్ని పావు వంతు పక్కకి జరిపి
మళ్ళీ వేడిమీదే తొడిగాడు.
"చల్లారనీ. అదే పట్టుకుంటది."

చల్లారేదాకా పాత టైరు మీద కూర్చున్నాను.

ఎందుకో ఇల్లు గుర్తొచ్చింది.
కూర దగ్గర మొదలెట్టినా, కరెంటు బిల్లు దగ్గర మొదలెట్టినా
నేనూ సలోమీ వచ్చి ఆగేది ఒక్కచోటే:
వాళ్ళ తమ్ముడికిచ్చిన నలభై వేలు.
ఇద్దరం ఊపిరి బిగబడతాం.
పొద్దున్నే అక్కణ్ణించే మళ్ళీ కొరుక్కుంటాం.

సాయంత్రం మీరావలి తాళం నా చేతిలో పెట్టాడు.
సగం తిప్పానో లేదో అందుకుంది.
కుర్రాడు ఈలేశాడు. నాకు మాట రాలేదు.
కూలీ ఎంతంటే అతను ఆకాశంలోకి చూసి
ఓ అంకె చెప్పాడు, నేను బేరమాడలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ అడిగాను,
"మీ తమ్ముడి కాలికి కట్టు విప్పారా?"
సలోమీ గరిటె ఆపింది.
నా వంక అనుమానంగా చూసింది.
"ఇంకా లేదు. సోమవారం," అంది.
ఆ తర్వాత మజ్జిగ పోసింది.
ఏమో, అది పట్టుకుంటుందో లేదో, ఇంకా వేడిగానే ఉంది.

తెల్లారి యార్డులో బండి చూడగానే
ఏసోబు తలగుడ్డ మడుచుకుంటూ వచ్చాడు.
అక్కర్లేదన్నాను.
"మరి వాలులో ఎందుకు పెట్టావయ్యా?" అన్నాడు.
అప్పుడు చూసుకున్నాను.